మంద తాగినాక

మా నాయన గొర్రెల మనిషి. దుత్తలూరు పక్కన మెట్ట ఊరు మాది. నేను ఉదయగిరి వైపు ఊళ్లలో ఆశా కార్యకర్తని. ఎండాకాలం వచ్చిందంటే గడపగడపకీ తిరిగి నీళ్లు తాగండి, నీళ్లు తాగండి అని చెప్పడమే నా పని. ఊళ్లోవాళ్లంతా నా మాట విన్నారు, మా నాయన తప్ప. చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే.

ఏటా ఎండలకి మా మంద ఆత్మకూరు దిగువకి వలస పోతుంది. అక్కడ పెన్న నీళ్లకి వరి పండుతుంది. కోతలైన మళ్లలో గొర్రెలు మేస్తాయి. ఎరువు కోసం రైతులే పిలిచి తమ పొలంలో మంద పెట్టించుకుంటారు. నా చిన్నప్పుడు ఉగాది అయ్యాక బయల్దేరేవాళ్లు. ఇప్పుడు శివరాత్రి నాటికే మెట్టలో మేత మాడిపోతోంది. కింద కోతలేమో వాటి టైముకే అవుతాయి. పైన గడ్డి లేదు, కింద మడి ఖాళీ కాలేదు. ఆ మధ్య రోజులన్నీ మా వాళ్లకి రోడ్డు మీదే.

మా నాయనకి ఒక కట్టు ఉంది. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నది. దారిలో మంద తాగాకే కాపరి తాగాలి. అది ఒకప్పుడు కష్టమైన కట్టేమీ కాదు. పొద్దెక్కేసరికి ఏదో ఒక కుంట తగిలేది, గొర్రెలు తాగేవి, పక్కనే కూర్చుని మనుషులూ తాగేవాళ్లు. ఇప్పుడా కుంటలు నెర్రెలిచ్చి ఉన్నాయి. కట్టు మాత్రం అలాగే ఉంది.

మూడేళ్ల కిందట బయల్దేరేటప్పుడు ఆయన సంచిలో నీళ్ల బాటిలూ, గుప్పెడు ఓఆర్‌ఎస్ పొట్లాలూ పెట్టాను. "రోజుకి రెండు కలుపుకోని తాగు నాయనా" అని పదిసార్లు చెప్పాను. "అట్టనే పాపా" అన్నాడు. మా నాయన అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానపడాల్సింది.

నాలుగో రోజు మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. వాడే నాయనతో మంద వెంట నడుస్తున్నాడు. అనుమసముద్రంపేట దాటారట.

"అక్కా, నాయన మంద మధ్యలో నిలబడుకోని, మన గొర్రెలేవిరా అంటుండాడు."

"చెమట పడతా ఉండాదా?"

"లేదక్కా. ఒళ్లు పొయ్యి మాదిరి కాలతా ఉండాది."

అది వడదెబ్బేనని నాకు తెలుసు. ఊళ్లో ఎన్నిసార్లు బొమ్మలు చూపించి చెప్పానో! నీడకి చేర్చమన్నాను, తడిగుడ్డ కప్పమన్నాను, ఆటో పిలిచి ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. నేను ఉదయగిరిలో బస్సెక్కాను. దారి పొడుగునా కిటికీలోంచి వేడిగాలి మొహానికి కొడుతూనే ఉంది. నేను దేవుణ్ణి తలుచుకోలేదు, మా నాయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

నేను చేరేసరికి చేతికి సెలైన్ ఎక్కుతోంది. మంచం కింద ఆయన సంచి. తీసి చూస్తే బాటిల్ మూత కూడా తిప్పలేదు. పొట్లాలు మాత్రం ఒక్కటీ లేవు.

"తాగకపోతే పొట్లాలన్నీ ఏమైపోయినాయిరా?" అని తమ్ముణ్ణి అడిగాను.

వాడు తలొంచుకుని చెప్పాడు. ముందు రోజు పొద్దుటి నుంచీ దారిలో మందకి నీళ్లే దొరకలేదట. గొర్రెపిల్లలు ఎండకి తలలు వాల్చేస్తుంటే, ఊళ్లలో బిందెడు నీళ్లు అడిగి, నాయన పొట్లాలన్నీ అందులో కలిపి వాటికి పట్టాడట. పెద్ద గొర్రెలకి ఆ బిందె ఏ మూలకి? మంద తాగనట్టే లెక్క. కాబట్టి ఈయనా తాగలేదు.

సాయంత్రానికి నాయన కళ్లు తెరిచాడు. నన్ను చూడగానే, "పిల్లలు ఒక్కటి కూడా పోలా పాపా" అన్నాడు. నాకు చెంప మీద కొట్టాలనిపించింది, ఆ చెంపకే నా మొహం ఆనించి ఏడవాలనీ అనిపించింది. గ్లాసు నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పుకున్నాడు.

"మంద తాగినాదా?"

మందని తోటి కాపరుల మీద వదిలేసి వచ్చారు. అది ఎక్కడుందో నాకేం తెలుసు? "తాగినాయి నాయనా, కడుపు నిండా" అన్నాను. అప్పుడు తాగాడు.

అప్పటికి మంద ఇంకా పెన్న కాలవ దాకా చేరనే లేదట. రెండు రోజుల తర్వాత నాయన ముందే తమ్ముడి నోటి వెంట ఆ మాట జారింది. ఆ తర్వాత నీళ్ల విషయంలో నాయన నా మాట నమ్మడం మానేశాడు.

కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇక ఎండలో నడవకూడదు, గంటగంటకీ నీళ్లు తాగుతూ ఉండాలి అన్నారు డాక్టరుగారు. తమ్ముడు మందతో వలస పోతూనే ఉన్నాడు. నాయన ఇంటి దగ్గర వసారాలో కూర్చుంటాడు. దిగువన మంద తాగిందో లేదో తెలియకుండా ఆయన గొంతులో నీళ్లు దిగవు. తమ్ముడు ఫోన్లో చెప్పినా అంతే. "నీ అక్క కూడా ఇట్టనే చెప్పినాది" అంటాడు. చెప్పాను, బతిమాలాను, అరిచాను. ఒకరోజు కాళ్లు వాచి లేవలేకపోయాడు. ఈసారి పోతాడేమోననుకున్నాను.

అందుకే నడవలేని ముసలి గొర్రెనొకదాన్ని ఇంటి దగ్గరే ఉంచేశాం. వసారా ముందు, నాయనకి ఎదురుగా కట్టేస్తాను. గంటకోసారి తొట్టి నింపుతాను. మంద మొత్తం కాకపోయినా, కళ్లముందున్న ఆ ఒక్కటి తాగితే చాలు ఆయనకి.

కానీ గొర్రెకి గంటగంటకీ దాహం ఎందుకవుతుంది? వాసన చూసి మొహం తిప్పుకునేది, అచ్చం మా నాయన లాగే. గొర్రెలకి ఉప్పంటే ప్రాణం. గడువు దాటిపోయిన ఓఆర్‌ఎస్ పొట్లాలు నా సంచిలో ఉంటాయి. ఇప్పుడు నాయన చూడకుండా గోడ చాటున ఒకటి చింపి, చిటికెడు తొట్టిలో కలిపి తెస్తున్నాను. గొర్రె మూతి ముంచుతుంది. దాని గొంతు కదలడం నాయన కళ్లారా చూసి, అప్పుడు నా చేతిలోని గ్లాసు అందుకుంటాడు.