వరండాలో చెప్పిన సాక్ష్యం

సర్కారు వకీలు బసవపున్నయ్యను కోర్టుల ఎవర్నడిగినా మంచోడనే అంటరు. కసురుకోడు, కేకలేయడు, ఎవరు చాయ్ ఇప్పించినా తాగుతడు. వాళ్ల నాయన కృష్ణా జిల్లా నుంచి బండి మీద సామానేసుకొని వచ్చి జూలూరుపాడు దగ్గర అడవి కొట్టి పొలం చేసినాయన. కొడుకు పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయిననాడు ఆ ముసలాయన ఇంటింటికీ తిరిగి, "మావాడు నోరిప్పితే గవర్నమెంటు నోరిప్పినట్టేరా" అని చెప్పుకున్నడు. పాపం, నోరిప్పకపోతే ఏమైతదో ఆయనకు తోచలే.

ఎనభైల నాటి ముచ్చట. ములకలపల్లి అవతల ఒక తండాల బద్యా అనేటాయనను కర్రలతోని కొట్టి చంపిండ్రు. పక్కచేను లాల్‌సింగ్‌తోని బద్యాకు గట్టు కాడ తగాదా ఉండె. ఇంకేముంది, పోలీసులకు పని సులువైంది, లాల్‌సింగ్‌ను పట్టుకపోయిండ్రు. కండ్లార చూసినోళ్లు ఇద్దరని రాసుకున్నరు. ఒకరు బద్యా పెండ్లాం లాలి, ఇంకొకరు కలప కాంట్రాక్టరు దగ్గర కాపలా ఉండే మనిషి.

సాక్షులతోని ముందుగాల మాట్లాడే అలవాటు బసవపున్నయ్యకు లేదు. అది కానిస్టేబుల్ గోపాలు పని. పొద్దున్నే సాక్షులను వరండాల కూసోబెట్టి, స్టేషన్ల రాసుకున్నది గడగడ చదివి, "ఇదే కదా జరిగింది?" అంటడు. తండావాళ్లు టోపీ పెట్టినోడు ఏమడిగినా "అవ్" అంటరు. అది ఒప్పుకునుడు కాదు, మర్యాద. ఆ తేడా గోపాలుకు తెల్వది, తెలుసుకునే ఓపికా లేదు.

విచారణనాడు బసవపున్నయ్య వరండాల నుంచి పోతుంటె లాలి లేచి అడ్డం నిలబడ్డది.

"సారూ, సర్కారు మనిషివి నువ్వేనా?"

"నేనేనమ్మా. ఏంది?"

"గీ పోలీసాయన లాల్‌సింగ్ కొట్టిండని సదివిండు. లాల్‌సింగ్ కాదు సారు. గాయన ఆడ లేనే లేడు. కాంట్రాక్టరు దుంగల లారీ ఎంట వచ్చినోళ్లు కొట్టిండ్రు. మా చేన్ల నుంచి లారీ తోలొద్దని నా మొగడు అడ్డం పోయిండు. నేను ఆడ్నే ఉన్న."

"మరి ఇందాక అవ్ అన్నవంట కదా?"

"టోపీ సారు అడిగిండు, అవ్ అన్న."

గోపాలు మొహం మాడిపోయింది. "సార్, ఈమె కేసు ముంచేటట్టుంది" అని గొణిగిండు.

లాలి అదేం పట్టించుకోలే. "లోపల నువ్వు జెప్పు సారు" అన్నది. వాళ్ల తండాల పంచాయితీ కూసుంటె ఆడోళ్లు నడుమకు వచ్చి మాట్లాడరు. ముందే తండా పెద్ద నాయక్ చెవిన ఏస్తరు. ఆయన ఒక్క మాట కలపకుండ, ఒక్క మాట మింగకుండ పదిమందిల చెప్తడు, నాయక్ ఉన్నదే అందుకు. నల్లకోటు చూసి, ఈయన సర్కారు నాయక్ అనుకున్నది లాలి.

"సరే" అన్నడు బసవపున్నయ్య. ఆమె పక్కకు జరగాలని అన్నడు, ఇంకో కారణం లేదు.

లాలి లోపలికి వచ్చి ఆ ముక్క చెప్తే లాల్‌సింగ్ ఆ సాయంత్రం ఇంట్ల ఉంటడు. చెప్పకపోతే యావజ్జీవం. ఇది బసవపున్నయ్యకు తెల్వక కాదు. సర్కారు వకీలు పని మనుషుల్ని జైలుకు తోలుడు కాదు, ఉన్నది ఉన్నట్టు జడ్జి ముంగట పెట్టుడని కాలేజీల చదివి మార్కులు గూడ తెచ్చుకున్నడు. కాని ఓడిపోయిన కేసుకు సంజాయిషీ అడుగుతరు. గెలిచిన కేసు ఎట్ల గెలిచినవని ఎవడన్న అడిగిండా? పైగా ఎండాకాలంల ఆయన పదవి మళ్ల పొడిగించాలె.

లాలి పేరు పిలిచే యాళ్లకు లేచి, "ఈ సాక్షిని వదులుకుంటున్నం యువరానర్" అన్నడు.

"ఎందుకు?" అని జడ్జి అడిగిండు.

"ఈమె కొత్తగ చెప్పేదేం లేదండి."

లాల్‌సింగ్ తరఫున కోర్టు పెట్టిన వకీలుకు బస్సు టైమైతుంది. ఆయనా ఏమనలే. కాపలా మనిషి వచ్చి, నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పి పోయిండు. బోనుల లాల్‌సింగ్‌కు ఏం జరిగిందో సమజే కాలే.

ఏం మనిషండీ! గుండె దడదడలాడిందా? లేదు. సిగ్గేసిందా? అదీ లేదు. మధ్యాహ్నం పెరుగన్నంల ఆవకాయ ముక్క నంజుకొని తిన్నడు. ఏడవాల్సిన చోట ఏడుపు రాలే, భయపడాల్సిన చోట భయం రాలే. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెల్వదు చూడు, మనిషంత అట్లనే అయిండు. వరండాల లాలి మాత్రం తన మాట సారు లోపల చెప్పిండనుకొని, బరువు దిగినట్టు లేచి, కొంగు దులుపుకొని బస్టాండుకు పోయింది.

యావజ్జీవం పడ్డది.

వానలు పడి మక్కచేన్లు కంకికి వచ్చినంక, ఒక ఆదివారం పొద్దున బసవపున్నయ్య ఇంటి గేటు కాడ ఒకామె నిలబడ్డది. చంకల మూట. "లాల్‌సింగ్ పెండ్లాన్ని సారు, మంగ్లిని" అన్నది.

బసవపున్నయ్య పేపర్ మడిచిండు. తిట్టడానికే వచ్చిందనుకున్నడు. తిట్టినా బాగుండు అనుకున్నడు.

"లాలి అంతా జెప్పింది సారు. లోపల నువ్వు మా గురించి జెప్పినవంట, జడ్జి సారే ఇనలేదంట. నీ మీద మాకేం కోపం లేదు. గంత పెద్ద కోర్టుల మా దిక్కు మాట్లాడినోడివి నువ్వొక్కనివే." మూట విప్పి మక్కకంకులు అరుగు మీద పోసింది. "లాలి మంచిగ బువ్వ తింటలేదు సారు. నీకు సరిగ జెప్పలేకపోయిన్నేమో, తప్పు నాదేనేమో అని ఒకటే ఏడుపు."

ఆయన కంకుల దిక్కే చూస్తుండు.

"హైదరాబాదుల ఇంకా పెద్ద కోర్టు ఉందంట. ఆడ గూడ నువ్వే జెప్తవా సారు?"

"నేను చెప్పలేదమ్మా" అంటే అయిపోతుండె. ఆ ముక్క పండ్ల దాకా వచ్చింది. లాలికి బువ్వ సహిస్తుండె, మంగ్లి ఇంకో వకీలు గడపన్న తొక్కుతుండె.

"అవ్" అన్నడు బసవపున్నయ్య.

మంగ్లి రెండు చేతులెత్తి దండం పెట్టి పోయింది. సాయంత్రం ఆయన భార్య సుబ్బరత్నం కంకులు బొగ్గుల మీద కాల్చి, ఉప్పూకారం రాసి తెచ్చింది. "ఎవరిచ్చారండీ?" అని అడిగింది.

"కేసువాళ్లు" అన్నడు. ఒకటి తిని, లేతగ ఉన్నయని, ఇంకోటి తీసుకున్నడు.