విమలా టీచర్ విత్తిన ధానూన్

ఈ ఉదయం కువైట్‌లోని మా సాల్మియాలో వాన వెలిసింది. కిటికీ తెరవగానే తడి ఇసుక వాసన, సముద్రపు ఉప్పుతో కలిసి గదిలోకి వచ్చింది. ఈ వాసనకి నాకెప్పుడూ విమలా టీచరే గుర్తొస్తారు. ఎనభైల మొదట్లో రాయచోటి నుంచి వచ్చి, ఇక్కడొక భారతీయ పాఠశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. ఆవిడది కాకినాడ, జీవశాస్త్రం చెప్పేవారు. వానలు బాగా పడ్డ ఏడాది ఒక శుక్రవారం, తమ కారులో నన్ను జహ్రా ఊరు దాటి సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లారు.

ధానూన్ అనే ఎడారి మొక్కను మొదటిసారి అక్కడే చూశాను. ఆకు లేదు, పచ్చదనం లేదు. బోసి ఇసుకలోంచి మూరెడు ఎత్తున పసుపుపచ్చ పూలకంకి నిటారుగా లేచి ఉంది. బడిపిల్లలకు చూపిద్దామని పీకబోయాను.

"ఆగమ్మాయ్! పీకేస్తే ఏం తెలుస్తుంది? తవ్వి చూద్దాం రా," అన్నారు టీచర్.

కుచ్చిళ్లు దోపుకుని మోకాళ్ల మీద కూర్చున్నారు. ఇద్దరం చేతులతో ఇసుక తోడాం. లావుపాటి కాడ లోలోపలికి పోయి, పక్కనున్న ఉప్పుపొద వేరును పట్టుకుని ఉంది.

"తన తిండి తాను వండుకోలేదిది. ఆ పొద పెట్టిందే తింటుంది."

"అయితే దొంగచెట్టు గదా టీచర్?"

"పొద చస్తే ఇదీ చస్తుందే! ఇంక దొంగేమిటి?" అని నవ్వి, ఇసుక మెల్లగా కప్పేశారు.

కొన్ని వారాలకు మళ్లీ వెళ్లేసరికి అక్కడ గోదాముల కోసం నేల చదును చేస్తున్నారు. పూలు వాడాయి గాని గింజ ఇంకా ముదరలేదు. పెకలించి వేరేచోట నాటితే బతికే మొక్క కాదది. ఎవరినీ ఏదీ అడగని టీచర్, నేరుగా ఫోర్‌మన్ దగ్గరికి నడిచారు. అతను కడప మనిషి, ఖాదర్ బాషా.

"ఈ మొక్క కోసరమా మేడమ్? ఇంజనీరు యల్లా యల్లా అని తొందరపెట్టి నా పానం తీస్తాండాడు."

"గింజ ముదిరేదాకా చాలు బాబూ. తర్వాత మీ ఇష్టం."

అతను కాసేపు ఆ ఎండుకంకినే చూశాడు. "సరేలే మేడమ్, ఆ మూల ఆకర్న చేచ్చా," అని చుట్టూ ఖాళీ డ్రమ్ములు పెట్టించాడు.

ముదిరాక, ధూళిలాంటి ఆ గింజల్ని తీసుకెళ్లి ఇంకో ఒడ్డున, ఉప్పుపొదల వేళ్ల దగ్గర పాతిపెట్టాం. మరుసటి వసంతంలో ఏమీ రాలేదు. ఆపై ఏడాదీ అంతే. ఈలోగా భర్త ఉద్యోగం అయిపోయి టీచర్ కాకినాడ వెళ్లిపోయారు. నేను మాత్రం ఏటా వెళ్లి చూసేదాన్ని. మొలవదని నాకు నేను చెప్పుకున్న ఏడాదే, ఒక పొద పక్కన ఇసుక పగిలి పసుపు మొన కనిపించింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ సాయంత్రం ట్రంకాల్ చేసి, "వచ్చింది టీచర్!" అని అరిచాను.

"పొద ఎలా ఉందమ్మాయ్?" అన్నారు టీచర్.

నేను పొదను సరిగ్గా చూడనే లేదు. మర్నాడు మళ్లీ వెళ్లాను. పచ్చగానే ఉంది.

ఇప్పుడు ఇక్కడి ఇళ్లల్లో పనిచేసే మా వైపు ఆడవాళ్లు సెలవురోజు నా దగ్గరికొస్తారు. తాము పంపిన డబ్బుతో ఊళ్లో ఇల్లు లేచిందని, తమ్ముడి చదువు పూర్తయిందని సంబరంగా చెబుతారు. అంతా విన్నాక, "నువ్వెట్లుండావు? వేళకి తింటాండావా?" అని అడుగుతాను. కొందరు నవ్వేస్తారు. కొందరు వెళ్లబోయినవాళ్లు మళ్లీ కూర్చుని, అప్పుడు తమ సంగతి మొదలుపెడతారు.