శనివారం లుంగీ

నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఈ వయసుకి కాస్త తగ్గింది గానీ, పంతొమ్మిదొందల అరవైల చివర పాతపట్నం దగ్గర ఒక పల్లెటూరి సమితి బడిలో మేస్టారుగా చేరినప్పుడు మహా పొగరుగా ఉండేవాణ్ణి. ఆ కోపంతో చేసిన ఒక పని గురించి ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. మా ఆవిడతో కూడా.

ఆ బడిలో శనివారం ఒంటిపూట. ఆ పూట పాఠాలుండవు, తోటపని. రోజూ పంచె, ఇస్త్రీ చొక్కాతో వచ్చే మేస్టర్లు ఆ ఒక్కరోజూ పాతబట్టలు కట్టుకొచ్చి పిల్లలతో పాటు మట్టిలోకి దిగిపోయేవారు. అందరికంటే పెద్దాయన లెక్కల మేస్టారు. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన గళ్ళ లుంగీ, చిల్లుల బనీను, తలకి తువ్వాలు, భుజం మీద గునపం. కూలికెళ్తున్నాడో బడికెళ్తున్నాడో తెలిసేది కాదు. పిల్లలకి మాత్రం ఆ అవతారమంటే పండగే.

నేనొక్కణ్ణే లుంగీ కట్టలేదు. కొత్తగా కుట్టించుకున్న గొట్టం ప్యాంటు, టెరిలిన్ చొక్కా నాకు. లుంగీతో బడికి రావడమా, ఛీ, పరువేం కాను అనుకునేవాణ్ణి. ఒక శనివారం కలుపు తీద్దామని వంగేసరికి ప్యాంటు వెనకాల ఇంత పొడుగున పిగిలిపోయింది.

"లుంగీ అయితే పిగలడానికి కుట్లే ఉండవు గదా మేస్టారూ!" అన్నారు లెక్కల మేస్టారు పకపకా నవ్వుతూ. పిల్లలు పడీపడీ నవ్వేరు. వారం రోజులపాటు నేను ఏ క్లాసులోకి వెళ్ళినా వెనక బెంచీల్లో కిసుక్కుమనేవారు. నా ఒళ్ళు మండిపోయింది. తన తల తువ్వాలు విప్పి నా నడుముకి చుట్టిన మనిషి కూడా ఆయనే. ఆ ముక్క అప్పుడు నా బుర్రకెక్కలేదు.

ఆయనకి సర్వీసు ఇంకా మూడేళ్ళుంది. వాళ్ళ ఊళ్ళో కొత్తగా బడి పెడుతున్నారు. దానికి హెడ్మాస్టరుగా వెయ్యమని అర్జీ పెట్టుకున్నారు. "మా ఊరి పిల్లల సేత అ ఆ లు దిద్దించేసి దిగిపోతాను బాబూ, ఇంకేటీ అక్కర్లేదు" అని అందరితోనూ చెప్పుకునేవారు. ఇన్‌స్పెక్టరు గారొచ్చి చూసి రాసిన దాన్ని బట్టి ఆ పని అవుతుంది. ఈ సంగతి మా బడిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఊడుపులున్నాయని ఒక పూట సెలవు పెట్టి ఇంటికెళ్ళిపోయేరు. ఆయన అటు వెళ్ళగానే కబురొచ్చింది, రేపు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారని. తోటపని రద్దు. అందరూ శుభ్రమైన బట్టల్లో రావాలి, పాఠాలు చెప్పాలి. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "మీ దారిలోనే గదా ఆయన ఇల్లు, మర్చిపోకుండా చెప్పండి" అన్నారు. అలాగేనండి అన్నాను.

పాతపట్నంలో నా గదికి వెళ్ళే దారి ఆయన వాకిట్లోంచే. నేను వెళ్ళేసరికి ఆయన పొలం నించి వచ్చి, అరుగు మీద కాళ్ళకి అంటిన బురద గీక్కుంటున్నారు.

"ఏటి మేస్టారూ, ఏటంత తొందర? దిగండి, టీ తాగి ఎల్దురు గాని!" అని కేకేసేరు.

నేను సైకిలు బెల్లు కొట్టి ముందుకెళ్ళిపోయేను. మర్చిపోయి కాదు. రేపు ఆ లుంగీతో వస్తావు కదా, అప్పుడు నేను నవ్వుతాను అనుకుంటూ తొక్కేను. ఈల కూడా వేసినట్టు గుర్తు. దరిద్రపు బుద్ధి!

తెల్లారి ఇన్‌స్పెక్టరు గారు జీపు దిగి ఏడో తరగతిలో కూచున్నారు. పక్కన హెడ్మాస్టరు గారు, పాఠం చెపుతూ నేను. అంతలో గుమ్మంలోకి లెక్కల మేస్టారు వచ్చేరు. అదే లుంగీ, అదే బనీను. చేతిలో వంగనారు కట్ట. రాత్రి కురిసిన వానకి కాళ్ళు పిక్కల దాకా బురద.

"ఎవడయ్యా ఈ కూలివాడు? పాఠం జరుగుతుంటే లోపలికి రావడమేంటి?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

పిల్లలెవ్వరూ నవ్వలేదు. ముందు బెంచీలో ఒక పిల్ల లేచి, "మా లెక్కల మేస్టారండి" అంది.

హెడ్మాస్టరు గారి మొహం మాడిపోయింది. "నిన్ననే కబురు పంపేనండి, ఈయన చేత" అని నన్ను చూపించేరు. నాకింకా ప్రొబేషను పూర్తవలేదు.

"ఈయన నీకు చెప్పలేదా?" అని ఆయన్ని అడిగేరు ఇన్‌స్పెక్టరు గారు.

లెక్కల మేస్టారు నాకేసి చూసేరు. ఎంతోసేపు కాదు. ఎగ్గట్టిన లుంగీ కిందికి దించుకుని, "సెప్పేరండి. నానే మర్సిపోనాను. పెద్దోణ్ణయిపోనాను గదండీ" అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారు కాగితం మీద అదే రాసుకున్నారు. వయసు మీద పడింది, మతిమరుపు, హెడ్మాస్టరు పనికి తగడు. నెల తిరక్కుండా వాళ్ళ ఊరి బడికి ఎక్కణ్ణించో ఇంకొకరిని వేసేరు.

సోమవారం బడి వదిలేక ఆయన దగ్గరికెళ్ళి నిలబడ్డాను. ఆయనే అన్నారు, "తెల్సు బాబూ. బెల్లు ఇన్నాను గదా. పిల్లల ముందట నిన్ను సూసి నవ్వడం నాదీ తప్పే. ఉద్యోగం కొత్త, నీకు మచ్చ పడితే బతుకంతా వదల్దు. పద, ఇంటికెల్లు." తిట్టుంటే బాగుండును. కొట్టినా పడుందును.

తరవాతి శనివారం నేను మొదటిసారి లుంగీ కట్టుకుని వెళ్ళేను. ఆయన తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కాతో వచ్చేరు. వాటితోనే మట్టిలోకి దిగి గునపం పట్టేరు. పిల్లలు "లుంగీ ఏదండీ" అని అడిగితే, "పాతదైపోనాది" అన్నారు. రిటైరయ్యేదాకా, మూడేళ్ళపాటు, ప్రతి శనివారమూ అంతే.

ఒక ఆదివారం నేను ఆ దారినే వెళ్తూంటే వాళ్ళావిడ నూతి దగ్గర ఆ పంచెని బండకేసి బాదుతోంది. ఎర్రమట్టి మరక వదలడం లేదు. నన్ను చూసి చేతులు దులుపుకుని లేచింది.

"ఏటి బాబూ, ఎప్పుడూ ఆగవు! కూకో, టీ పెడతాను" అంది. లోపలికెళ్ళి గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది. "మీ మేస్టారికి మతిమరుపని ఆ ఆపీసరు రాసేసేడట. ముప్పయ్యేళ్ళయి కాపరం సేస్తన్నాను, ఇంట్లో ఏదీ మర్సిపోడు బాబూ. ఆ ఒక్కరోజూ ఎలా మర్సిపోనాడో!"

ఆయన ఆవిడకి కూడా చెప్పలేదు.

నేను తల వంచుకుని ఆ టీ అంతా తాగేను. బాగుందమ్మా అని గ్లాసు ఇచ్చేసి సైకిలెక్కేను.