మామ గిటార్ ట్యూన్ల తలుపు చప్పుడు

ఇయ్యాల మా ఇంటి ముంగట పెండ్లి బరాత్ పోతుంటె డీజేల గా గిటార్ ట్యూన్ వచ్చింది. తాగుతున్న చాయ్ పక్కకు పెట్టిన.

చొప్పదండి దోస్తులారా, యాదికున్నదా? దుబాయ్ నుంచి ఉత్తరాలకు బదులు మాటలు నింపిన క్యాసెట్లు వస్తుండె. ఇంటిల్లిపాది టేప్ రికార్డర్ చుట్టు కూసుంటుంటిమి. దుబాయ్ పోయిన మా అవ్వ తమ్ముడు, అంటే మా మేనమామ, ఆయన రూమోళ్లు పంపిన ఆఖరి క్యాసెట్ల మాటలైనంక సొంతంగ కట్టిన ట్యూన్ గిటార్ మీద వాయించిండు. నడిమిట్ల ఎవరో తలుపు టక టక కొడుతరు. "ఆఁ, వస్తున్న" అంటడు మామ. గంతే, అటెన్క టేపు ఖాళీ. మామ జాడ మళ్ళ తెల్వలే.

గా క్యాసెట్ విని నేర్చుకున్న మా ఊరి బ్యాండోళ్లు, తలుపు చప్పుడు గూడ ట్యూన్లదే అనుకొని డోలు మీద కొట్టిండ్రు. వాళ్లను చూసి ఆర్కెస్ట్రావాళ్లు ప్యాడ్ మీద కొట్టిండ్రు. గిప్పుడు డీజే. ట్యూన్ మస్తు మారింది. గా చప్పుడు మాత్రం మారలే.

ఇయ్యాల డీజేల టక టక అనంగనే ముసలిదైన మా అవ్వ మంచం మీది నుంచి లేసి పోయి తలుపు తీసింది. గడప ముంగట ఎవ్వలు లేరు.

అవ్వ జర పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది.

"కాళ్లు కడుక్కొని రా తమ్మీ," అన్నది.