సుగుణ మేడమ్ చేత గంట కొట్టించిన సార్‌కి

నిన్న పొద్దున అసెంబ్లీలో పిల్లల్ని లైన్లో నిలబెడుతుంటే ఫోన్. "అక్క పోయిందమ్మా" అన్నాడు సుగుణ మేడమ్ తమ్ముడు.

విజిల్ నోటిదాకా వచ్చింది. ఊదలేకపోయాను.

ముప్పాళ్ళలో కూలీల ఇంట్లో పుట్టి, ఒలింపిక్స్‌లో నాలుగు వందల మీటర్లు పరిగెత్తిన మనిషి. ఎనభైల్లో నరసరావుపేటలో మా స్కూల్‌కి డ్రిల్ టీచర్‌గా వచ్చారు. లారీ మెకానిక్ కూతురినైన నన్ను కూడా డ్రిల్ టీచర్‌ని చేశారు.

ఏడుస్తూనే ఫేస్‌బుక్ తెరిస్తే అప్పట్లో మా స్కూల్ నడిపిన కరస్పాండెంట్ గారి పోస్ట్. "నేను ప్రోత్సహించిన ఆణిముత్యం" అట.

ఏడుపు ఆగిపోయింది. ఒళ్ళు మండింది.

సార్, మీరు మర్చిపోయారేమో. నేను మర్చిపోలేదు.

గ్రౌండ్ నిండా మీ మిరపకాయలు ఎండబోసుకున్నారు. పిల్లల్ని ఎక్కడ ఆడించాలని మేడమ్ అడిగితే, మా అందరి ముందు ఏమన్నారు?

"ఒలింపిక్స్‌లో ఆఖర్న వచ్చినదానివి, నువ్వేంది నేర్పేది? పోయి గంట కొట్టు."

రెండేళ్ళు కొట్టించారు. ప్యూన్ ఉండగానే.

మేడమ్ కొట్టారు. కానీ రోజూ స్కూల్‌కి ముందే సత్తెనపల్లి రోడ్డు మీద మా నలుగురు ఆడపిల్లల చేత రిలే ప్రాక్టీస్ చేయించారు. బ్యాటన్ కొనే దిక్కు లేదు. మా నాన్న షెడ్డులోని పైపు ముక్కే బ్యాటన్.

జిల్లా పోటీల్లో ఫస్ట్ వచ్చాం. పేపర్ వాళ్ళు ఫొటో తీస్తుంటే మీరు పరిగెత్తుకొచ్చి మా మధ్యలో నిలబడ్డారు. మేడమ్ ఫొటోగ్రాఫర్‌తో నెమ్మదిగా అన్నారు.

"ఈయనెవరో మాకు తెలీదు బాబూ. పక్కకి జరగమను."

అప్పటి మీ మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

మర్నాడే ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. మాచర్లలో ఇంకో స్కూల్ దొరికేదాకా మేడమ్ ఏడాదిపాటు మిరపకోతకు వెళ్ళారు. దేశం తరఫున పరిగెత్తిన మనిషి, కోత కూలికి.

పోయిన నెల హాస్పిటల్లో నేను ఈ సంగతి ఎత్తితే, "వదిలెయ్యవే. చానా రోజుల కిందే క్షమించా" అన్నారు.

ఆమె ప్రార్థన చేసుకునే మనిషి, క్షమించారు. నేను క్షమించలేదు.

ఆదివారం మన నరసరావుపేట స్కూల్లో సంతాప సభ. అధ్యక్షులు మీరే. నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేసి, "మేడమ్ గురించి, నా గురించి రెండు మంచి మాటలు చెప్పమ్మా" అన్నారు.

సరే సార్ అన్నాను.

రిలేలో పరిగెత్తిన మిగతా ముగ్గురూ వస్తున్నారు. ఇది చదివి, ఒంట్లో బాగోలేదని ఇంట్లో కూర్చోకండి. అలా చేస్తే మైకు మీ ఇంటి ముందుకే తెస్తాం.

మేడమ్, వెళ్ళిరండి. మీకు శాంతి కలగాలి.

ఆయన శాంతి ఆదివారం దాకానే.