పిల్లల్ని లెక్కపెట్టిన మనిషి

వేసవి సెలవులు అయిపోవస్తున్నాయని మా అత్తగారు, ఆడపడుచు, నేను కలిసి ఐదుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని సముద్రం చూడ్డానికి శ్రీకాకుళంలో కళింగపట్నం బస్సెక్కాం. ముందు సీట్లో తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన వెనక్కి తిరిగి, మా పిల్లల వంక వేలు ఆడిస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల గురించి ఫోన్లో చూసిన వీడియోలన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఆడి సూపు సూడే. పిల్లల్ని లెక్కెడితే దిష్టి తగల్దేటి?" అంటూ అత్తగారు నా కూతుర్ని కొంగు కింద దాచేశారు. మా ఇంట్లో పిల్లల్ని ఎప్పుడూ లెక్కపెట్టం.

సాయంత్రం తిరుగు బస్సులోనూ అతనే కనిపించాడు. బస్సు కదిలాక మళ్లీ వేలు ఆడించాడు. ఇక ఊరుకోలేక, "ఏటయ్యా నీ గొడవ?" అని లేచాను.

"ఎల్లినప్పుడు ఐదుగురమ్మా. ఇప్పుడు నలుగురే ఉన్నారు," అంటూనే అతను బస్సు రేకు మీద దబదబా బాది బస్సు ఆపించాడు.

వెనక సీట్లో ఆడపడుచు దగ్గర ఉందని నేననుకున్న నా కూతురు, రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది.

దాన్ని ఒళ్లో అదుముకుని కూర్చున్నాక కూడా నాకు అనుమానం పోలేదు.

"మా పిల్లల్ని నువ్వెందుకు లెక్కెట్టినావు బాబూ?"

"సముద్రానికెల్లే పిల్లలెవర్నైనా లెక్కెడతానమ్మా," అని అతను ముందుకు తిరిగిపోయాడు. "ఒక్కపాలి మా పిల్లల్ని లెక్కెట్టడం మర్సిపోనాను."

అరసవల్లి వచ్చేదాకా అత్తగారి వేలు పిల్లల మీద తిరుగుతూనే ఉంది.