పొడుగు కాళ్ళ దుర్గ, పొట్టి చేతుల లహరి

మా చిన్నప్పుడు... అవనిగడ్డ దగ్గర మా పెదనాన్నగారి పశువుల కొట్టం ముందు రెండు కోళ్ళను ఎదురెదురుగా వదిలేవారు. కత్తులు కట్టని పందెం, ఉత్త కాళ్ళ దెబ్బలే. మగవాళ్ళంతా చుట్టూ గొంతుక్కూర్చుని రంగు చూసేవారు. ఎర్రదైతే డేగ, నల్లదైతే కాకి... ఇవాళ ఏ వారం, ఏ పొద్దు, ఏ రంగుది గెలుపు. నేను కుడితి గోలెం పక్కన నిలబడి కాళ్ళు చూసేదాన్ని.

పొడుగు కోడి ఎగిరి పైనుంచి తన్నేది. పొట్టిది ఎగిరేది కాదు, అవతలిది నేలకి దిగే క్షణం కోసం కాచుకునేది. దిగేటప్పుడు ఎంత మొనగాడికైనా కాలు నిలవదు. ఈ మాట చెబితే పెదనాన్న నవ్వేసి, "ఆడపిల్లకి కోడి కాళ్ళతో పనేంటే? కూరలోకి వచ్చాక చూసుకో" అన్నారు.

కూరలోకి వచ్చాకా చూశాను. పొడుగుదే వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... పోయిన ఆదివారం గుడివాడలో మా మనవరాలు లహరి పోటీకి వెళ్ళొచ్చాను. మా అమ్మాయి కూతురు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. గుద్దొచ్చు, తన్నొచ్చు, కింద పడేసి అదిమిపట్టనూ వచ్చు. పెళ్ళిళ్ళు చేసే కల్యాణమండపంలోనే పెట్టారు. పెద్ద తేడా ఏమీ కనిపించలేదు.

అల్లుడుగారు ముందే తేల్చేశారు. ఇది ఓడితే గ్లవ్స్ అటక మీదికి, పిల్ల కోచింగ్ సెంటర్‌కి. అప్పట్నుంచీ లహరి ఇల్లంతా తిరుగుతూనే ఉంది... దాని వెనకాల నేనూ.

అవతలి పిల్ల దుర్గ. మా బందరు పిల్లే, గిలకలదిండిలో పడవల వాళ్ళమ్మాయి. తాటిపట్టెలా పొడుగ్గా ఉంటుంది. దాని పాత పోటీలు ఫోన్లో చూపించి "ఏమనిపిస్తోంది అమ్మమ్మా?" అంది లహరి. అడిగింది గనక చెప్పాను. ఆ పిల్ల పక్కకి తిరిగి నిలబడుతుంది. ముందరి కాలు నేలకి ఆనీ ఆననట్టు పెడుతుంది. ఎవరు ఒక్కడుగు ముందుకేసినా ఆ కాలు లేచి తొడ మీద పడుతుంది. మా దానిది చేతుల వాటం. దగ్గరికి చేరితే రెండు గుద్దుల్లో లెక్క తేల్చేస్తుంది... కానీ చేరే దారంతా దుర్గ కాలి కిందే ఉంది. బాగా దూరంగా ఉంటే భయం లేదు, బాగా దగ్గరికి పోయినా లేదు. మధ్యలో నిలబడితేనే చావు.

"మరి ఎప్పుడు వెళ్ళాలి?"

"కాలు లేచినప్పుడు కాదు. దిగుతున్నప్పుడు."

బుద్ధిగా తలూపింది. ఉద్యోగమంతా కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని, తలలూపే పిల్లల్ని చాలామందిని చూశాను. నమ్మలేదు.

పోటీ రోజు మా మరిది వచ్చి అంతా చెడగొట్టాడు. లహరికి ఎర్ర గ్లవ్స్ ఇచ్చారు, దుర్గకి నీలం. "వదినా, ఇవాళ పొద్దు వాలాక డేగదే రాజ్యం. ఇంక చూడక్కర్లేదు" అన్నాడు. నీలం కోడి ఎక్కడుంది మరిదీ అంటే, దాన్ని కాకి కింద జమకట్టేశాడు. పిల్లని పిలిచి, ఎక్కడా ఆగకుండా మీదపడిపో అమ్మడూ అని దీవించాడు. కుదురుగా నిలబడలేని పిల్లకి ఆగొద్దని చెప్పేవాడు దొరికితే ఇంక అమ్మమ్మ మాట గుర్తుంటుందా...

గంట కొట్టగానే ఉరికింది. ఉరికినప్పుడల్లా తొడ మీద ఒకటి. తడిబట్ట బండకేసి బాదినట్టు చప్పుడు. నేను కుర్చీలో కూర్చోలేను, లేవలేను... అల్లుడుగారు నేల చూపులు చూస్తున్నారు. పొద్దు ఇంకా సరిగ్గా వాలలేదేమోనని మరిది వాచీ చూసుకుంటున్నాడు.

మొదటి రౌండు అయ్యాక పోటీ చుట్టూ కట్టిన ఇనప వల దగ్గరికి వెళ్ళాను. ఇటు రాకూడదన్నారు. వచ్చేశాను కదా అన్నాను.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"ఆ కాలు దిగేదాకా ఆగవే తల్లీ. మీ చినతాతయ్య రంగు చూసుకుంటాడులే. నువ్వు కాలు చూడు."

రెండో రౌండులో ఆగింది. ఆగడం దానికి తన్నులు తినడం కన్నా కష్టంగా ఉందని మొహం చూస్తేనే తెలుస్తోంది. జనం విసుక్కున్నారు. మూడోదాంట్లో దుర్గ కాలు ఇంకా నేలకి ఆనకముందే చొరబడింది... రెండు చేతులూ. దుర్గ వెనక్కి తూలి వలకి ఆనుకుంది. మళ్ళీ ఇంకోసారి. ఇంకోసారి. అంతలో ఆఖరి గంట.

ఓడిపోయింది. మొదటి రౌండులో పోగొట్టుకున్న పాయింట్లు తిరిగి రాలేదు. తీర్పు న్యాయమే. కుంటుతున్న మా పిల్లని దుర్గే చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

తిరుగు ప్రయాణంలో కారులో... లహరి తొడ మీద ఐసు, ఒళ్ళో గ్లవ్స్... వాటి మీద రెండు చేతులూ గట్టిగా నొక్కిపెట్టుకుంది. పామర్రు దాటాక అల్లుడుగారు గొంతు సవరించుకున్నారు.

"ఆఖర్న చేసిన పనే మొదట్నుంచీ చేస్తే సరిపోయేదిగా?"

లహరి తలెత్తింది.

"ఆ అమ్మాయి కాలు దించేటప్పుడు చేతులు కూడా కిందికి వదిలేస్తోంది. నువ్వు చూసుకోలేదు. ఈసారి అది చూసుకో."

లహరి నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను. అటక మీద ఎలాగూ చోటు లేదని చెబుదామనుకుని, నోరు మూసుకున్నాను. నాకు అలవాటు లేని పని.

మా రోజుల్లో మోకాలు గీరుకుపోతే పరికిణీ కిందికి లాగి దాచుకునేవాళ్ళం, ఇంట్లో తెలిస్తే మర్నాటి నుంచి ఆట బంద్ అని... ఇప్పుడు వాళ్ళ నాన్న దెబ్బకి మందు రాస్తూ, ఏ కాలు ఎటునుంచి వచ్చిందో అడుగుతున్నాడు. ఈ ప్రశ్న ఇళ్ళలోకి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. మీరు ఏ దెబ్బ దాచుకున్నారో చెప్పండి అమ్మాయిలూ... ఇప్పుడు చెబితే ఎవరూ ఆట ఆపరు.